తమ్ముడి తరఫున

సనా, 1962 నవంబరు 20

నా కళ్ళ వెలుగు ముతహర్‌కి, అక్క హూరియా సలాములు.

నువ్వు బతికే ఉన్నావని ఉప్పు అమ్మే దహ్మాన్ చెప్పేదాకా నా ప్రాణం కుదుటపడలేదు. ఖౌలాన్ కొండల్లో షేక్ ఫారిస్ నీకు ఆశ్రయమిచ్చాడట. మనది ప్రవక్త వంశమని నిన్ను పైచోట కూర్చోబెట్టి, చెయ్యి ముద్దు పెట్టుకుంటున్నారట. సంతోషం. ఇక్కడ మన చేతులు ముద్దు పెట్టుకునేవాళ్ళెవరూ మిగల్లేదు. మన రాజు ఇమామ్ గారి కోట మీద ఫిరంగులు పేలి, రాజ్యం పోయి రిపబ్లిక్ వచ్చిన మర్నాడే పాలు పోసేవాడు నన్ను వంశ గౌరవంతో ‘షరీఫా’ అనడం మానేసి ‘ఓ అమ్మా’ అన్నాడు. పాలు మాత్రం ఎప్పటంత చిక్కగానే పోశాడు.

అసలు సంగతి ఇల్లు. రిపబ్లిక్‌కి సాయంగా వచ్చిన ఈజిప్టు సైనికులు దిగడానికి పెద్ద ఇళ్ళు కావాలట. ఒక ఆఫీసరు వచ్చి మెడ వెనక్కి విరిచి మన అంతస్తులన్నీ చూశాడు. “ఇంత ఇంట్లో ఒక్క ఆడమనిషా?” అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ సమయానికి వీధి చివర హమాం, అదే వేడినీళ్ళ స్నానశాల, నడిపే జాబిర్ వచ్చాడు. నాన్న స్నానానికి వెళ్తే చెప్పులు పట్టుకుని నిలబడేవాడే, అతను. ఇప్పుడు పేట కమిటీలో మెంబరు.

“ఒక్కరు కాదండీ, మేమందరం ఇక్కడే ఉంటున్నాం” అన్నాడు.

“మీరందరూ అంటే?”

“మా అమ్మ, నేను, మా సామాను.”

ఆఫీసరు వెళ్ళిపోయాడు. చెప్పిన అబద్ధాన్ని నిజం చెయ్యాలి కదా. సాయంత్రానికి గాడిద మీద సామాను దిగింది.

వాళ్ళకి కింది గదులిచ్చాను. అయితే అతని తల్లి తఖియా, “ఈ మేడ మీంచి ఊరెలా కనబడుతుందో ఒక్కసారి చూసి చచ్చిపోతాను తల్లీ” అంది. ఎక్కింది. చూసింది. మోకాళ్ళు పట్టేశాయి. అక్కణ్ణించి దిగలేకపోయింది. నాన్న కూర్చునే కిటికీల గదిలోనే ఉంది.

నువ్వు దిగులు పడకు. చలికి చెవులు కప్పుకో.

నీ అక్క,
హూరియా

—

ఖౌలాన్, రజబ్ 1382

అక్కకి ముతహర్ నమస్సులు.

నీ ఉత్తరం మీద పరంగి తేదీ చూసి ముందు నీది కాదేమో అనుకున్నాను. రిపబ్లిక్ నీ క్యాలెండర్‌లోకి కూడా దిగిందన్నమాట.

అక్కా, ఇల్లు దక్కిందని సంతోషించాలో, దక్కిన తీరుకి ఏడవాలో తెలియడం లేదు. ఊళ్ళో పెంటంతా ఎండబెట్టి పొయ్యిలో వేసి నీళ్ళు కాచే బూడిదోళ్ళు వాళ్ళు. ఆ ముసలమ్మ, నాన్న తీర్పులు రాసిన కిటికీ కింద కాళ్ళు చాపుకుని కూర్చుందా? ఓడలు బళ్ళవుతాయంటారు గానీ, బళ్ళు మేడలెక్కుతాయని ఎవరూ అనలేదు. ఎలాగైనా దింపు. అవసరమైతే నలుగురు కూలీలని పెట్టి మంచంతో సహా దింపించు.

నా సంగతి నువ్వన్నట్టే ఉంది. షేక్ నేను లేనిదే భోజనానికి కూర్చోడు. ముందు ముద్ద నాకే. ఈ కొండవాళ్ళ మర్యాద నగరంలో పోయింది గానీ ఇక్కడ పోలేదు. గోధుమ రొట్టె నాకు, జొన్నరొట్టె వాళ్ళకి. వసంతానికల్లా ఇమామ్ వైపు మనవాళ్ళు సనాలో ఉంటారని షేక్ అంటున్నాడు.

అంతవరకూ పైగది జాగ్రత్త.

నీ తమ్ముడు,
సయ్యిద్ ముతహర్

—

సనా, 1963 జనవరి 5

ముతహర్‌కి అక్క ఆశీస్సులు.

కూలీల మాట తఖియా పెద్దమ్మతో అన్నాను. “దింపండి తల్లీ, నాకేం అభ్యంతరం? కానీ ఆ మెట్లు తిరిగే తిరుగుడుకి మంచం అడ్డం తిరిగితే నేను గోడకీ మంచానికీ మధ్య పచ్చడైపోతాను. ఆ పచ్చడి మళ్ళీ మీరే ఎత్తుకోవాలి” అంది. నాకు నవ్వాగలేదు. ఇంతకు ముందు ఈ ఇంట్లో నేనెప్పుడు నవ్వానో గుర్తు లేదు. అవునురా, పెద్దమ్మ అనే పిలుస్తున్నాను. ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రావడం లేదు.

నువ్వు జాబిర్‌ని బూడిదోడన్నావు. ఆ బూడిదే తెచ్చి మన పెరటి మళ్ళకి వేశాడు. చచ్చిపోయిన రేహాన్ తులసి మొక్కలు మోకాలెత్తు లేచాయి. అతను మెట్లెక్కేటప్పుడు, నేను చాటుకి తప్పుకునేలా నాకు వినబడాలని కింది మెట్టు నుంచే గట్టిగా “అల్లా, అల్లా” అంటూ వస్తాడు. మన చుట్టాల్లో మగవాళ్ళకి కూడా అంత మన్నన లేదు.

మొన్న ఊరి గోడ అవతల ఫిరంగి గుండు పడిన అదురుకి హమాంలో నీళ్ళు కాచే పెద్ద పాత్ర పగిలింది. మన అటక మీద, పెళ్ళి విందులకి వాడే రాగి గంగాళం వైపు జాబిర్ ఒకసారి చూశాడు. అడగలేదు. నేనూ కదపలేదు, అది నాన్న వస్తువు, ఇప్పుడు నీది.

ఇంకో మాట. ఆడవాళ్ళ స్నానాల రోజుల్లో తలుపు దగ్గర కూర్చునే మనిషి కాపరానికి వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో నేను వెళ్ళి కూర్చుంటున్నాను. ఆవిరీ, కబుర్లూ, పిల్లల ఏడుపులూ. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, మనసు తేలిగ్గా ఉంటుంది.

గోధుమ రొట్టె తింటున్నావు కదా, నాకదే చాలు.

అక్క

—

ఖౌలాన్, రమజాన్ 1382

అక్కా,

దహ్మాన్ ఉప్పు బస్తా దించకముందే “మీ అక్కగారు హమాంలో పనిమనిషిగా చేరారు” అని నలుగురిలో చెప్పాడు. షేక్ గడ్డం నిమురుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం కంటే తిట్టినా బాగుండేది. కడుపు మాడి వెళ్ళావా, వాళ్ళు బలవంతం చేశారా, ఏదో దాస్తున్నావు. నిజం రాయి.

ఈజిప్టు విమానాలు రోజూ వస్తున్నాయి. ఊరు ఖాళీ చేసి కొండ గుహల్లోకి మారాం. షేక్ గుహ ఆయన చుట్టాలతో నిండిపోయింది. నన్ను పక్క గుహలో ఒక కుటుంబంతో సర్దారు. గోధుమలు అయిపోయాయి. జొన్నరొట్టె అలవాటైపోయింది. మెంతుల పులుసులో ముంచుకుంటే అంత అధ్వాన్నంగా ఏమీ లేదు.

మొన్న ఒక పని చెయ్యాల్సి వచ్చింది. అది నీకు రాయదగ్గది కాదు.

ముతహర్

—

సనా, 1963 మార్చి 10

ముతహర్, నా నాన్నా,

నువ్వు రాయకపోయినా నాకు తెలిసిపోయింది. తిండి కోసం గుహల ముందు నగారా వాయిస్తున్నావని దహ్మాన్ చెప్పాడు. మన ఇంట్లో పుట్టినవాడు తక్కువవాళ్ళు వాయించే నగారా పట్టాడంటే ఎంత ఆకలేసి ఉండాలి? రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఈ కంబళీ, ఎండుద్రాక్షా, నెయ్యీ పంపుతున్నాను. నెయ్యి జాబిర్ కొన్నాడు. “సయ్యిద్ గారికి అని చెప్పకండి, పుచ్చుకోరు” అన్నాడు. నేను చెప్పేశాను.

నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. మన బంధువులంతా తలుపులు వేసుకుని కూర్చున్నారు, నేను తీసుకుని కూర్చున్నాను, అంతే తేడా. వీధిలో బడి పెట్టారు. సైనికులు, రైతులు, కసాయివాళ్ళ పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటున్నారు. చూడ్డానికి మొదట్లో కళ్ళలో గుచ్చుకున్నట్టుండేది, ఇప్పుడు లేదు.

ఇక రాయడానికి చెయ్యాడని విషయం. జాబిర్ నిన్ను ఒకటి అడగమన్నాడు. అది మన ఇంట్లోనే ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ అక్కర లేకుండా ఒక మూల పడి ఉంది. ఇంటికి మగదిక్కు నువ్వే గనక, నీ నోటి మాట లేకుండా అటువైపు చూడను కూడా చూడనన్నాడు. ఇంతకంటే విడమరిచి నేను రాయలేను. నీకే అర్థమవుతుంది.

జవాబు త్వరగా రాయి.

అక్క

—

ఖౌలాన్, జుల్‌ఖాదా 1382

అక్కకి,

ముందు నగారా సంగతి. తిండి కోసం కాదు. మా గుహ ఎదుటి గుట్ట మీద నగారా పెట్టి ఉంటుంది, విమానం చప్పుడు వినబడగానే వాయించి జనాన్ని లోపలికి పంపడానికి. అది వాయించే ముఖ్బిల్ నీళ్ళకి వెళ్ళాడు. చప్పుడు వచ్చింది. పొలంలో ఆడవాళ్ళున్నారు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. నేనే తీసుకుని బాదాను. అందరూ లోపలికి పరిగెత్తాకే బాంబులు పడ్డాయి. బతికి బయటపడ్డ ముసలాళ్ళు నాతో అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? “సయ్యిద్ నగారా ముట్టుకోవడం అపశకునం.” ఆ పూట నుంచి షేక్ దగ్గర నా చోటు గుమ్మం వైపు జరిగింది.

ముఖ్బిల్ కుటుంబంతోనే నేను ఉంటున్నది. ఇంతకు ముందు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. జ్వరం వచ్చినప్పుడు అతని భార్య గంజి కాచి పోసింది. ముఖ్బిల్ నన్ను తందూరు గోడకి రొట్టె అంటించడం నేర్చుకోమన్నాడు. మొదటి రొట్టె నిప్పుల్లో పడింది, రెండోది నా ముంజేతికి అంటుకుంది. “పరవాలేదు సయ్యిద్, మూడోది గోడకి అంటుకుంటుంది, దానికి వేరే దారి లేదు” అన్నాడు.

కంబళీ అందింది. నెయ్యి కూడా. పుచ్చుకున్నాను.

జాబిర్ అడిగినదాని గురించి. అంత వినయంగా అడిగాడంటే ముచ్చటేసింది. ఇచ్చెయ్. అటక మీద మూలపడి ఎవరికి లాభం? కానీ రెండు షరతులు. యుద్ధం అయ్యాక తిరిగి మనకి అప్పగించాలి. అడుగు మాడ్చకుండా వాడుకుని, ఎప్పటికప్పుడు బూడిదతో తోమి బోర్లించి పెట్టాలి. ఎంతైనా పాతది కదా, గట్టిగా కొడితే సొట్ట పడుతుంది.

నీ తమ్ముడు,
ముతహర్

—

సనా, 1963 మే 2

దేవుడు నిన్ను చల్లగా చూడాలి ముతహర్.

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి జాబిర్‌కి చదివి వినిపించాను. “ఇచ్చెయ్” అన్న చోట అతని ముఖం వెలిగింది. “తోమి బోర్లించి పెట్టాలి” అన్న చోట అయోమయంగా తల దించుకున్నాడు. “సొట్ట పడుతుంది” అన్న చోట పైనుంచి పెద్దమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

గంగాళం కాదురా. అతను అడిగింది నన్ను.

ఇప్పుడు సిగ్గు వదిలి రాస్తున్నాను. నా భర్త పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. ఈ ఏళ్ళలో ఎవరూ నా కోసం రాలేదు. ప్రవక్త వంశం పిల్లని ప్రవక్త వంశంవాడికే ఇవ్వాలి. మన వంశంలో మగవాళ్ళకి పడుచు పిల్లలు కావాలి. అలా నేను నాన్న గడియారం పక్కన మరో వస్తువునై ఉండిపోయాను. జాబిర్ భార్య కూడా పోయింది. నా దగ్గర నోరు తెరిచి అడిగింది అతను కాదు, వాళ్ళమ్మ. “మావాడు నోరు తెరవడు, నేను తెరుస్తున్నాను. మేడ దిగడం నా వల్ల కాదు. నువ్వు కోడలివైతే దిగాల్సిన అవసరమూ ఉండదు. కాదంటే చెప్పు, పాక్కుంటూనైనా దిగిపోతాను” అంది.

నేను ఆలోచించుకోవడానికి గడువు అడగలేదు. అవునన్నాను. ఆ తర్వాత భయం వేసింది, ఆ తర్వాత పోయింది.

రిపబ్లిక్ జడ్జి, “తమ్ముడు శత్రువుల వైపు ఉన్నాడు కాబట్టి పెళ్ళిలో నిన్నిచ్చే సంరక్షకుడిగా నేనే సంతకం పెడతాను” అన్నాడు. నేనొప్పుకోలేదు. నా తరఫున నా తమ్ముడే ఉండాలి. నువ్వు కాదంటే చేసుకోను, ఈ ఇంట్లోనే ఇలాగే ఉంటాను, నీ మీద కోపం పెట్టుకోను. కానీ కాదనే ముందు ఒక్కటి చూడు. సైనికులు వచ్చిన రోజు మన వంశంవాళ్ళ ఇళ్ళు ఈ వీధిలో ఎన్నో ఉన్నాయి. తలుపు తీసుకుని వచ్చింది ఎవరు?

అక్క

—

సనా, 1963 జూన్ 15

ముతహర్,

దహ్మాన్ రెండుసార్లు వచ్చి వెళ్ళాడు, నీ దగ్గర్నుంచి ముక్క లేదు. నా ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టావని చెప్పాడు. సరే. జాబిర్‌కి ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాను. “మంచిది షరీఫా” అన్నాడు. వాళ్ళమ్మ అన్నం తినలేదు. మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ అల్లా అల్లా అంటున్నాడు, కాకపోతే గొంతు తగ్గింది.

నీ మాట నీది, నా తమ్ముడివి నువ్వు. క్షేమమని ఒక్క ముక్క రాయి చాలు.

అక్క

—

ఖౌలాన్, సఫర్ 1383

అక్కకి ముతహర్ రాయునది.

అవును, పొయ్యిలో పెట్టాను. పెట్టాక రొట్టెలు కాల్చాను. అవి మాడిపోయాయి. ముఖ్బిల్ మాడినవి తను తీసుకుని మంచివి నా వైపు తోశాడు.

తర్వాత జరిగింది విను. షేక్ మేనల్లుడు ముఖ్బిల్ కూతురిని చేసుకుంటానని కూర్చున్నాడు. విమానాల కింద ఒకే గుహలో దాక్కున్నవాళ్ళకి ఎవరిది ఏ ఇల్లో మరుపు వస్తుందనుకుంటాను. షేక్ మండిపడి పంచాయితీ పెట్టాడు. నన్ను మళ్ళీ పైచోటికి పిలిచాడు, చాలా కాలానికి. “సయ్యిద్, ధర్మశాస్త్రం చదివినవాడివి. తుపాకీ పట్టే ఇంటివాడు నగారా ఇంటి పిల్లని చేసుకోకూడదని చెప్పు, ఈ గోల ఆగిపోతుంది” అన్నాడు. ముఖ్బిల్ గుహ గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

ఆ మాట నా నాలుక చివరే ఉంది. ఏళ్ళ తరబడి నాన్న పక్కన కూర్చుని రాసిన మాటే. నోరు తెరిచాను. కానీ, “పిల్లా, పిల్ల తరఫు పెద్దా ఒప్పుకుంటే శాస్త్రం అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది పైకెత్తుకున్న మన ముక్కు” అన్నాను. అది అబద్ధం కాదు అక్కా, నాన్న పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ మనం ఎప్పుడూ తెరవలేదంతే.

షేక్ నవ్వాడు. మంచి నవ్వు కాదు. “నీతులు ఎదుటివాడి పిల్లకేనా? మీ అక్కని హమాంవాడు అడిగాడట కదా. ఇస్తావా మరి?” అన్నాడు. గుహంతా నా వైపు తిరిగింది.

“ఇచ్చాను” అన్నాను.

ఆ మాట వచ్చేదాకా ఇస్తానని నాకే తెలియదు. వచ్చాక మాత్రం, జ్వరం దిగినప్పుడు ఒంటికి చెమట పట్టినట్టు హాయిగా ఉంది. షేక్ మేనల్లుడి వైపు తిరిగి, “సయ్యిదే ఇంత దిగితే మనం ఎక్కడ నిలబడాలిరా. చేసుకో, నా ఎదట పడకు” అన్నాడు. కుర్రాడికి ఆ రెండో మాట వినబడలేదు.

నేను రాలేను. వస్తే రిపబ్లిక్‌వాళ్ళు జైల్లో వేస్తారు, రాకపోతే నీ తరఫున కూర్చునే మగదిక్కు లేదు. మన చుట్టాల్లో ఎవరికి రాసినా రారు. అందుకని ముఖ్బిల్‌ని పంపుతున్నాను. నా బదులు వరుడి చెయ్యి పట్టుకుని నిన్నిచ్చే అధికారం అతనికి ఇస్తున్నానని ఇద్దరు సాక్షుల ముందు చెప్పాను. దహ్మాన్‌తో పాటు ఉప్పు మోసుకుంటూ వస్తాడు. నగారావాడిని దారిలో ఎవరు ఆపుతారు? మనం వాళ్ళని మనుషుల్లో లెక్కెయ్యకపోవడం ఇన్నాళ్ళకి ఒక మంచి పనికొచ్చింది.

“నేనా సయ్యిద్? నన్ను ఆ ఇంట్లోకి రానిస్తారా?” అన్నాడు. “రానివ్వడం కాదు, నువ్వు లేనిదే ఆ ఇంట్లో పెళ్ళి జరగదు” అన్నాను.

జాబిర్‌కి నా సలాములు. నెయ్యి బాగుందని చెప్పు.

నీ తమ్ముడు,
ముతహర్

—

సనా, 1963 ఆగస్టు 11

ముతహర్, నా తండ్రీ,

పెళ్ళయిపోయింది. అన్నీ వరసగా రాయమన్నావని ముఖ్బిల్ చెప్పాడు, రాస్తున్నాను.

మన బంధువుల్లో ఎవరూ రాలేదు. ఎదురింటి కిటికీలు మూసే ఉన్నాయి, కానీ చెక్కల సందుల్లో కళ్ళు కనబడుతూనే ఉన్నాయి. పేట జనం మాత్రం మెట్ల మీద కూడా నిండిపోయారు. కసాయివాళ్ళు, కూరగాయలవాళ్ళు, ఒక ఈజిప్టు వంటవాడు కూడా. పెద్దమ్మ మేడ మీద ఉంది గనక పెళ్ళి మేడ మీదే చెయ్యాల్సి వచ్చింది. నేను పక్క గదిలో, తెర వెనక ఉన్నాను.

జడ్జి, “షరీఫా తరఫున ఎవరు?” అని అడిగాడు. ముఖ్బిల్ లేచి, “నేనండీ. సయ్యిద్ ముతహర్ గారి చెయ్యి ఇది” అని కుడిచెయ్యి చాపి చూపించాడు. జడ్జి అతని బట్టలూ, కాళ్ళూ చూశాడు. ఎక్కడివాడివన్నాడు. “ఖౌలాన్. నగారా వాయిస్తాను” అని దాచకుండా చెప్పాడు. జడ్జి కలం పట్టుకుని కాసేపు ఆగాడు. పెద్దమ్మ మంచం మీంచి, “రిపబ్లిక్‌లో అందరూ సమానమని మీరేగా వీధి వీధి తిరిగి చెప్పింది. ఇప్పుడు మర్చిపోయారా నాయనా?” అంది. జడ్జి గబగబా రాశాడు.

ముఖ్బిల్ చెయ్యి పంచెకి తుడుచుకుని జాబిర్ చేతిలో పెట్టాడు. ఇద్దరి చేతుల మీదా తెల్లగుడ్డ కప్పారు. ఇచ్చావా అంటే ఇచ్చానన్నాడు. తెర వెనక నేను ఏడ్చాను, దుఃఖంతో కాదు.

భోజనాలయ్యాక అందరూ నగారా కావాలన్నారు. ఇంతలో మంచి నగారావాడు ఇంట్లోనే ఉన్నాడని ఎవరికో గుర్తొచ్చింది. ముఖ్బిల్ అలవాటుగా లేవబోయాడు. జాబిర్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. “ఇవాళ మీరు పెళ్ళికూతురి వైపు పెద్ద. పెద్దలు వాయించరు, వింటారు.”

వాయించేవాళ్ళు లేక హమాం ఆడవాళ్ళు రాగి పళ్ళాలు, చెంబులు తెచ్చి గరిటెలతో మోగించారు. వాళ్ళకి మోత వచ్చు, తాళం రాదు. ముఖ్బిల్ పైచోట దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ మీద వేళ్ళు ఒకచోట నిలవడం లేదు. వాళ్ళు తప్పిన ప్రతిసారీ ముఖం చిట్లిస్తున్నాడు. చూడలేక తెర వెనక నుంచి నేనే అన్నాను, “అన్నా, మీ ప్రాణం అలా కొట్టుకుంటుంటే మాకెలా ఉంటుంది? వెళ్ళి వాయించండి, ఎవరూ ఏమీ అనుకోరు.”

తల అడ్డంగా ఊపాడు.

“వద్దు షరీఫా. నేను కూర్చున్నది సయ్యిద్ గారి చోట. నేను లేస్తే ఆయన లేచిపోయినట్టవుతుంది” అన్నాడు.

పళ్ళాలు మోగినంతసేపూ కదలకుండా కూర్చున్నాడు.

నీ అక్క,
హూరియా